దంతపురం రాణికి శాలువా

టాటానగర్ కాసిడీహ్‌లో రెండు వాటాల ఇల్లు. వసారా ఒకటే, పెరడు ఒకటే. కంపెనీ భోంపు, అదే షిఫ్టు సైరన్, మోగిన సాయంకాలం, సోమేశ్వరరావు గారు తన వాటా లోంచి వచ్చి పక్క వాటా పద్మకుమారి ఎదుట కుర్చీ వేసుకున్నారు.

"అది కాదమ్మా పద్మా, నేనడిగింది చాలా చిన్న ప్రశ్న. ఆ నవల మొదలుపెట్టినప్పుడు నీకు ముందు తోచింది రాణీయా, కోటా?"

"కాఫీలో పంచదార సరిపోయిందా మావయ్యగారూ?"

"సరిపోయింది. రాణా, కోటా?"

"ఇంకో చెంచా వెయ్యనా?"

"వద్దు. ఆదివారం తెలుగు సంఘం వాళ్ళు నీకు శాలువా కప్పుతారు. నిన్ను పరిచయం చేసే పని నా నెత్తిన పెట్టారు. 'దంతపురంలో దీపం' సీరియల్ రాస్తున్న జగదాంబ ఎవరో కాదు, మన పద్మకుమారే అని చెప్పాక, ఆ తరవాత ఇంకేదో చెప్పాలా వద్దా?"

"మీకు తోచింది చెప్పెయ్యండి. మీరు ఏ విషయమైనా గంటకి తక్కువ మాట్లాడరని నీలకంఠం గారన్నారు."

"ఎవరు, పర్సుడీహ్ నీలకంఠమా? సంఘానికి అధ్యక్షుడయ్యాక నోరు బాగా లేచింది. ఇంకేమన్నాడు?"

"ఏం లేదండీ."

"ఏదో అన్నాడు."

"జనం మధ్యలో లేచిపోకుండా సమోసాలు ఆఖర్న పెడతామన్నారు."

"ఓలమ్మా పద్మా! మెల్లిగా మాటాడండి. నా కొడుకు నైటు డూటీకి ఎల్లాల, తొంగున్నాడు."

"అలాగే అత్తయ్యా."

"మరిదీ, నువ్వేటి? రాత సంగతులేటి?"

"రాత సంగతులే వదినా. పరిచయ వాక్యాలు."

"అయితే సరే. ఎక్కువ మాటాడించకు, రాసే పిల్ల, బుర్ర ఏడెక్కుతాది. నాను పెరట్లో ఉన్నాను, పులుసులోకి కరేపాకు కోసుకుంతన్నాను."

"చూశావమ్మా మీ అత్తగారు? నిరుడు ఇదే వసారాలో నీ చేతిలో వారపత్రిక చూసి వీధి చివరి దాకా వినపడేలా అరిచిన మనిషి!"

"అవునండీ. ఇప్పుడు మధ్యాహ్నం అన్నాలయ్యాక గిన్నెలు ఆవిడే తోమేస్తారు. పిల్లల్ని ముందేసుకుని అరుగు మీద కూర్చుంటారు. ఎవరొచ్చినా 'కోడలు రాత్తంది, తరవాత రండి' అంటారు. మొన్న పోస్టుమేన్‌కి కూడా అలాగే చెప్పారు."

"మీ ఆయన సూర్యం ఏమంటాడు?"

"ఆయనకీ ఖుషీయే. మిల్లులో ఫోర్‌మేన్‌కి చెప్పుకున్నారట, మా ఆవిడ రైటర్ అని. ఆయన గుమాస్తా అనుకుని 'కౌన్‌సే సెక్షన్ మే?', ఏ సెక్షన్లో అని అడిగారట."

"హహ్హ. సరే. రాణా, కోటా?"

"కోటేనండీ."

"కోటా! అబద్ధం."

"అబద్ధమేమిటండీ?"

"అంటే... రాణి లేకపోతే ఆ కోటలో ఏముంది, రాళ్ళు. రాణే ముందు తోచి ఉండాలి. చదివేవాడికి తెలిసిపోతుంది."

"మీరు చదువుతున్నారా? మావయ్యగారూ, సచ్‌ముచ్, నిజంగా మీరు దంతపురం చదువుతున్నారా?"

"అప్పుడప్పుడు. కళ్ళబడితే."

"ఉగాది సభలో మీరే కదండీ, దెయ్యాల నవలలంటే ఏదో అన్నారు... బుద్ధిమాంద్యం అనీ..."

"'బుద్ధిమాంద్యానికి పాలు పోసి పెంచడం.'"

"ఆఁ, అదే. ఎంత చప్పట్లు కొట్టారో!"

"కొట్టి, ఇళ్ళకి పోయి, ఆ వారం భాగం చదువుకున్నారు."

"మీరూనా?"

"నేను అంతకు ముందే చదివేశాను. అంటే, సాక్చీ స్టాల్లో నిలబడి. కట్ట విప్పుతూ ఉంటే."

"అయ్యో, నన్నడిగితే ఇచ్చేదాన్ని కదండీ."

"నువ్వు రాసినదాన్ని నువ్వే కొనుక్కుంటున్నావా? రచయితలకి పత్రిక వాళ్ళే ఒక ప్రతి పంపిస్తారే."

"మీకెలా తెలుసండీ?"

"నేనూ రచయితనేగా తల్లీ! 'కళింగ విజయధ్వజం' రాసింది ఎవరనుకున్నావు?"

"అయ్యో, తెలుసండీ. సంఘం లైబ్రరీలో ఉంది. బల్ల ఒక కాలు పొట్టిది. దానికింద."

"ఇప్పటికీ అక్కడే ఉందా?"

"ఉందండీ. బల్ల ఇప్పుడు బిల్కుల్ కదలదు."

"పోనీలే. ఏదో ఒకదానికి ఆధారమైంది. నువ్వు చదివావా దాన్ని?"

"మొదలుపెట్టానండీ. రాజుగారు గుర్రం ఎక్కబోతూ తాతల పేర్లు చెబుతారు చూడండి..."

"వంశానుక్రమం. శాసనాలు చూసి రాశాను."

"ఆ తాతలు అయిపోయేలోగా నాకు నిద్రొచ్చేసిందండీ. లేచేసరికి ఆయన గుర్రం ఎక్కారో లేదో మరి చూడలేదు."

"ఎక్కాడమ్మా. రెండో ప్రకరణంలో."

"జగదాంబ అలా రాయరండీ. కోట చుట్టూ శత్రువులు, రాణీ చంద్రలేఖ బాణం తగిలి పోయింది, రాజు ఒక్కడే లోపల ఉండిపోయాడు. ఒక్క పేజీలో చెప్పేశారు. రెండో పేజీలో సాయంకాలం అవుతుంది, వంటింట్లో దీపం వెలుగుతుంది, చూస్తే రాణి! పోయిన రాణి వచ్చి పులుసులో ఉప్పు చూస్తోంది! నాకు వెన్ను జలదరించిందండీ."

"భయమేసిందా?"

"భయం కాదండీ. ఎలా చెప్పను... ఇంట్లో ఎవరో ఉన్నారు అన్నట్టు ఉంది."

"అదీ! అదీ అసలు సంగతి. దెయ్యం అనగానే పొగ, జుట్టు విరబోసుకోవడం, తిరగబడ్డ పాదాలు, ఇవన్నీ చవకబారు. చచ్చిపోయినవాళ్ళు ఎందుకు తిరిగి రావాలి? మనని పీక్కు తినడానికా? సగంలో వదిలిన పని ఉంటుంది. పొయ్యి మీద పులుసు ఉంటుంది. అందుకొస్తారు. చదివేవాడు ముందు పులుసు వాసన నమ్మితే, తరవాత దెయ్యాన్ని వాడే నమ్ముతాడు."

"ఎంత బాగా చెప్పారండీ! ఉగాది సభలో ఇది చెప్పలేదేం?"

"...సభ వేరు."

"అయితే నాకొకటి నచ్చలేదండీ. రాజు తాటాకు పుస్తకం చదువుతూ నిద్రపోతాడు కదా. రాణి మెల్లగా వచ్చి, గుండెల మీంచి పుస్తకం తీసి, చదివిన చోట గుర్తుగా కరివేపాకు రెబ్బ పెట్టి మూస్తుంది. మహారాణి ఏమిటి, కరివేపాకేమిటి? నెమలి ఈక పెట్టాలి. లేదంటే ముత్యాల దండ."

"నెమలి ఈక ప్రతివాడూ పెడతాడు."

"అయినా రాణి కదండీ!"

"రాణి అయితే? వంటింట్లోంచి వస్తోంది. చేతిలో ఏముంటే అది పెడుతుంది. దానికి తెలిసిన పద్ధతి అది! పొద్దున్న పుస్తకం తీస్తే ఆకు వాడి ఉంటుంది, వాసన ఉంటుంది, పేజీకి పచ్చటి మరక అంటుతుంది. నెమలి ఈకతో మరక అంటుతుందా?"

"కోప్పడకండి మావయ్యగారూ."

"కోపం కాదమ్మా."

"నీలకంఠం గారు కూడా మీలాగే అన్నారండీ. ఆ కరివేపాకు ఘట్టం చదివి కళ్ళు తుడుచుకున్నారట. 'ఇది ఆడమనిషి తప్ప రాయలేదు, మగవాడికి ఈ మనసు బ్రహ్మ పెట్టలేదు' అన్నారు."

"అలాగా. అన్నాడా."

"'మన సోమేశ్వరరావు గారు రాస్తే ఆ రాణి దెయ్యమై వచ్చి కూడా శాసనం చదివేది' అని కూడా అన్నారు."

"ఆ మాట చెప్పకపోయినా ఫరవాలేదు."

"తప్పయిందండీ. మీరు ఇలా మాట్లాడుతూ ఉంటే నాకు హాయిగా ఉంది, నోరు జారింది. మా ఇంట్లో ఎవరితో అంటానండీ రాణి గురించి?"

"అన్నట్టు... నచ్చలేదన్నావు. నువ్వు రాసిందే నీకు నచ్చలేదా?"

"కాఫీ చల్లారిపోయింది, వేడి చేసి తెస్తాను."

"కూర్చో తల్లీ. ఇందాకటి నుంచి 'రాశారు, రాశారు' అంటున్నావు. తన గురించి తను ఎవరూ అలా అనుకోరు."

"మావయ్యగారూ, నేను..."

"ఏడవకు. ఏడవకమ్మా. మీ అత్తగారు వింటుంది."

"నేను రాయలేదండీ."

"ఊఁ."

"ఒక్క అక్షరం రాయలేదు. నిరుడు పొయ్యి మీద అన్నం మాడిపోయిందండీ. నేను దంతపురం చదువుతూ చూసుకోలేదు. అత్తయ్య వచ్చి, 'ఏటి సేత్తన్నావే, మళ్ళీ ఆ కాగితాలు సదూతన్నావా' అని చెయ్యి ఎత్తారు. భయమేసి 'చదవట్లేదత్తయ్యా, రాస్తున్నాను' అనేశాను. అంతే. ఎత్తిన చెయ్యి దించేశారు."

"దించేసిందా?"

"'రాత్తన్నావా? సదవడం కాదా?' అని రెండుసార్లు అడిగి, అన్నం గిన్నె ఆవిడే దించారు. మర్నాడు కుళాయి దగ్గర అందరికీ చెప్పేశారు. అప్పటికి బాగానే ఉంది, ఎవరూ నమ్మలేదు. కానీ మొన్న ఆ పత్రిక వాళ్ళు రచయిత్రి టాటానగర్ వాస్తవ్యురాలు అని వేశారు చూడండి..."

"వేశారు. వెయ్యొద్దని రాశాను కదా, వెధవలు."

"ఏమిటండీ?"

"వెయ్యకుండా ఉండాల్సింది అంటున్నాను."

"ఆ రోజే నీలకంఠం గారు దండ పట్టుకొచ్చేశారు. ఊళ్ళో రాస్తానని చెప్పుకున్న ఆడది నేనొక్కదాన్నేనట. కాదని ఎలా చెప్పనండీ, అత్తయ్య అందరికీ లడ్డూలు పంచేశారు!"

"తిన్నాను. బాగున్నాయి."

"మీరు నిజం రచయిత కదా, మీకు తెలిసిపోతుందని నాకు తెలుసు. పరిచయం మీరు చేస్తారనగానే ఇక దొరికిపోయాననుకున్నాను. మావయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను..."

"ఛ, ఛ. లే."

"సభలో చెప్పకండి. నాకు శాలువా వద్దండీ. పోనీ, శాలువా మీరే తీసుకోండి. ఆ మధ్యాహ్నం ఒక్క గంట ఉంది చూడండి, తలుపు దగ్గరగా వేసుకుని నేను చదువుకునే గంట. అది పోతుంది. అసలు ఇంకో పుస్తకం కూడా ముట్టుకోనివ్వరు. ఇప్పుడైతే ఏ పుస్తకం తెచ్చుకున్నా 'రాయడానికి కావాల' అని ఆవిడే సర్దిపెడుతున్నారు. పెళ్ళయ్యాక నాకంటూ ఉన్నది అదొక్కటేనండీ."

"ఆ జగదాంబ ఎవరో, ఆవిడ ఈ ఊళ్ళోనే ఉంటే? ఆదివారం ఆ సభలో వెనక వరసలో కూర్చుని, తన శాలువా నీ భుజాల మీద కప్పడం చూస్తే? జన్మంతా రాసి, ఎవరూ బాగుందని అనకపోతే, ఇన్నాళ్ళకి మొదటిసారి ఒక ఊరు ఊరంతా బాగుందంటూ ఉంటే... ఆవిడకి ఎలా ఉంటుందంటావు?"

"బాధగానే ఉంటుందండీ."

"ఉంటుంది కదా."

"కానీ ఆవిడ ఎప్పుడు కావాలంటే అప్పుడు రాసుకోవచ్చు, చదువుకోవచ్చు కదండీ. ఆవిణ్ణి మధ్యలో ఎవరూ లేపరు కదా."

"లేపరు. నిజమే. మధ్యలో ఎవరూ లేపరు."

"తప్పు మాట అన్నానా?"

"లేదమ్మా. సరిగ్గా అన్నావు. కళ్ళు తుడుచుకో. అయితే మనం కొన్ని సంగతులు అనుకోవాలి. సభలో ఎవడైనా ప్రశ్నలడుగుతాడు. ముందు తోచింది ఎవరు?"

"రాణి."

"ఆఁ. కరివేపాకు ఎందుకు పెట్టావు?"

"నెమలి ఈకతో మరక అంటదు కాబట్టి."

"బాగుంది! ఆ ముక్క నీలకంఠం మొహంలోకి చూస్తూ చెప్పు. దంతపురం గురించి చరిత్ర ఎక్కడ చదివావంటే?"

"కళింగ విజయధ్వజంలో."

"వద్దు, అది నమ్మరు."

"చెబుతానండీ. నిజంగానే చదువుతాను. బల్ల కిందికి ఇంకోటి ఏదైనా పెట్టి తీసుకొస్తాను. అంటే... మీరు చెప్పరన్నమాటేగా?"

"జగదాంబ పద్మకుమారే అని చెబుతాను. గంట సేపు చెబుతాను. సమోసాలు చల్లారేదాకా చెబుతాను."

"అమ్మయ్య! మావయ్యగారూ, మీ రుణం..."

"ఆపు. ఇంతకీ నాకొకటి చెప్పు, పాఠకురాలిగా. పోయిన వారం మంత్రగాడు కోట వాకిట్లోకి వచ్చాడు. 'మహారాజా, ఊఁ అనండి, ఈ నీడని ఇక రాకుండా పంపించేస్తాను' అన్నాడు. రాజు ఊఁ అనాలా, వద్దా?"

"అనకూడదు!"

"అనకపోతే కథ ఎలా ముగుస్తుంది?"

"ముగియడం ఎందుకండీ?"

"పత్రిక వాళ్ళు ముగించెయ్యమంటున్నారు. ఉగాదికి కొత్త సీరియల్ వేసుకోవాలట. దెయ్యాన్ని సాగనంపడమే పద్ధతి అని... అని అంటారు, సాధారణంగా. ఏ పత్రిక అయినా."

"కళ్ళజోడు తీసి తుడుస్తున్నారేమిటండీ?"

"ఈ పొగ. గాలి ఇటు తిరిగిందంటే కొలుముల మసి అంతా మన వసారాలోనే."

"పద్ధతి కాకపోతే ఏమండీ? రాజుకి ఎవరున్నారు? పొద్దున్నంతా యుద్ధం. సాయంకాలం ఆ ఒక్క దీపం. రాణి లేకపోతే ఆ కోట రాళ్ళే అని ఇందాక మీరేగా అన్నారు!"

"అన్నాను. కానీ ఎంతకాలం రప్పిస్తాడమ్మా? ఒకరోజు పంపించెయ్యాలి కదా. అందరూ అదే చెబుతారు. నాలుగు వారాల్నుంచి ఆ ఒక్క భాగం... రాజు ఊఁ అనలేడు, ఉహూఁ అనలేడు. కాగితం ముందు... అంటే, కోట గుమ్మం ముందు కూర్చుని ఉంటాడు పాపం."

"మీరు దంతపురం భలే చదివారండీ. నాకన్నా ఎక్కువ చదివారు."

"పద్మా! చొక్కా ఎక్కడ పెట్టావు? టైమ్ క్యా హువా, ఎంతయింది?"

"ఆయన లేచారు. డ్యూటీకి డబ్బా సర్దాలి. ఉంటానండీ."

"వెళ్ళమ్మా. నేనూ లేస్తాను... వదినా, వెళ్ళొస్తాను!"

"ఆగు మరిదీ. ఇలా పెరట్లోకి రా. కోడలు లోనకి ఎల్లిందా?"

"వెళ్ళింది. సూర్యం లేచాడు."

"దాన్ని బాగా పొగుడు ఆదివారం. కొత్త కోక కొన్నాను దానికి."

"పొగుడుతాను వదినా. రాసే పిల్ల కదా."

"రాసే పిల్లేటి, నీ మొగం. మా తమ్ముడికి కార్డు ముక్క రాయమంటే కలం కొరుక్కుంటాది, 'క్షేమం' అని రాసి ఇచ్చేత్తాది."

"వదినా! నీకు తెలుసా?"

"ముందు తెల్దు. నిజమేననుకున్నాను. ఊరంతా సెప్పుకున్నాను. మరి సదివి వినిపించమని నాను దాన్ని వారం వారం అడుగుతాను గదా, నువ్వు రాసిందాన్ని అది తనే రాసినట్టు సదివి వినిపిత్తాది."

"నేను రాసింది అంటావేమిటి? ఎవరు రాసింది?"

"నాకు సదువు రాదు గానీ సెవులున్నాయి మరిదీ. ఒకరోజు రాణీ కరేపాకు రెబ్బ పెట్టింది పుస్తకంలో. నా సేతిలో సేట జారిపోయింది. ఈ కరేపాకు సెట్టు నాను ఏసింది గదా. దీపాలేల నీ పెళ్ళాం పైడితల్లి వొచ్చి ఒక్క రెబ్బ తుంపీది. ఒక్క రెబ్బతో ఏటి కూరొండుతావే అంటే, 'కూరకి కాదొదినా, ఆయన సదూతా సదూతా తొంగుంతారు, లేసి ఏ పేజీయో తెలక్కుండా ఎతుక్కుంతారు' అనీది. నా కోడలు దాన్ని ఎరగదు. పైడితల్లి పోయినాక వొచ్చింది గదా ఈ పిల్ల కాపరానికి."

"వదినా, మరి ఎవరితోనూ..."

"ఎవులికి సెప్తాను? సెప్పితే నువ్వు సిగ్గుపడి మానెత్తావు. కోడలికి సదువుకోడానికి గంట పోతాది. నాకు వారం వారం వినడానికి ఉండదు. ముగ్గురికీ నట్టం. అందుకే అరుగు మీద కాపలా కూకున్నాను."

"నీకు... నీకు రాణి నచ్చిందా వదినా?"

"ఇదిగో, రెబ్బ. ఇయ్యేల సదివిన కాడ పెట్టుకో. ఆ మంత్రగాడిని మాత్రం యెనక్కి తోలీ బాబూ, నా పైడితల్లి మళ్ళీ ఈ సెట్టు కాడికి రాడానికి ఇంకో దారి లేదు."